మా ఊరి ఏఎన్ఎం ట్యాబ్‌లోంచి తల ఎత్తదు. అసలు వీళ్ల పని ఏమిటి?

గట్టుమీద_రవి
కొన్నాళ్లుగా ఊళ్లోనే ఉండి ఆఫీసు పని చేసుకుంటున్నా. ఇదివరకు పట్టించుకోనివన్నీ ఇప్పుడు కంటపడుతున్నాయి. మొన్న మా ఇంటికి ఏఎన్ఎం (సబ్‌సెంటర్ నర్సు), ఆశా (ఊరి ఆరోగ్య కార్యకర్త) ఇద్దరూ వచ్చారు. అమ్మకి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఏఎన్ఎం బీపీ పట్టీ చుట్టింది, నంబరు ట్యాబ్‌లో కొట్టింది, ఆధార్ అడిగింది, ఓటీపీ అడిగింది. ఓటీపీ వచ్చేది నా ఫోన్‌కి, నేనేమో మీటింగ్‌లో ఉన్నా. అది వచ్చేదాకా కూర్చుంది, రాగానే లేచి వెళ్లిపోయింది. అమ్మకి పాదాల దగ్గర వాపు ఉంది. చూపిద్దామని చీర కుచ్చిళ్లు కాస్త పైకి జరుపుకుని కూర్చుంది పాపం. ఆవిడ చూడనే లేదు. షుగర్ చూసే స్ట్రిప్స్ అయిపోయాయట.

మా ఊరికి ఇప్పుడు ఏఎన్ఎం ఉంది, ఆశా ఉంది, విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ అని ఇంకొకావిడ ఉంది, అంగన్‌వాడీ టీచరు సరేసరి. ఇంతమంది ఉండగా మా అమ్మ ఆటో మాట్లాడుకుని టౌన్లో ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోతోంది. ఎవరి పని ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టడానికి కాదు, నిజంగానే అడుగుతున్నా. సరే, కొంచెం తిట్టడానికి కూడా.

చింతచెట్టు_నీడ
వాళ్ల పని ఫోటో. బ్యానర్ పట్టుకుని ఒకటి, బ్యానర్ లేకుండా ఒకటి.

వీధిఅరుగు
మా దగ్గర బ్యానర్ కూడా మనల్నే పట్టుకోమంటారు.

సబ్‌సెంటర్_సిస్టర్
రవి గారూ, వాపు చూడకపోవడం తప్పే. దానికి నేను వకాల్తా పుచ్చుకోను. పాదం మీద బొటనవేలితో నొక్కి, గుంట పడుతుందో లేదో చూడమని ఏఎన్ఎం ట్రైనింగ్ మొదట్లోనే నేర్పుతారు. కానీ ఆవిడ తల ఎందుకు ఎత్తలేదో కూడా వినండి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు సంచిలో బీపీ మిషను, స్టెత్, మాత్రలు, చంకలో రిజిస్టర్లు. ఇప్పుడు రిజిస్టర్లు అలాగే ఉన్నాయి, వాటి మీద యాప్‌లు వచ్చిపడ్డాయి. గర్భిణుల వివరాలు ఒకదాంట్లో, టీకాలు యూ-విన్‌లో, బీపీ షుగర్లు ఎన్‌సీడీలో, జ్వరాలు, విరేచనాలు, కుక్కకాట్లు ఐహెచ్ఐపీలో, టీబీ నిక్షయ్‌లో. ఒకే మనిషి పేరు, ఊరు, వయసు ఎన్నిసార్లు కొడతామో మాకే తెలీదు. పొద్దున ముఖం చూపిస్తేనే హాజరు. ముఖం చూపిద్దామంటే సిగ్నల్ ఉండదు, మేడెక్కాలి. సాయంత్రం అయ్యేసరికి వాట్సాప్ గ్రూపులో "మీ సెంటర్ రెడ్‌లో ఉంది" అని మెసేజ్.

కాళ్ల వాపు చూడలేదని ఇంతవరకు ఎవరికీ మెమో రాలేదు. ఎంట్రీ లేదని వస్తుంది. మనిషి దేనికి భయపడుతుందో ఆ పనే ముందు చేస్తుంది.

లెక్కల_సారు
సిస్టర్ గారు చెప్పింది ఒప్పుకుంటా, కానీ ఆ ఎంట్రీల నాణ్యత గురించి కూడా మాట్లాడాలి. నాకు తెలిసిన ఒకాయన ఒక ప్రాంతం బీపీ లెక్కలు నాకు చూపించారు. ఎక్కడ చూసినా 120/80, 130/80, 110/70. డిజిటల్ మిషను చూపించే అంకె 0 తోనే ఆగదు కదా, 127 రావాలి, 133 రావాలి. వందమందిని చూస్తే చివరి అంకె 0 నుంచి 9 దాకా ఇంచుమించు సమానంగా పంచుకోవాలి. అన్నీ సున్నాలే అంటే ఒకటే అర్థం, పట్టీ చుట్టకుండా రాశారు.

సబ్‌సెంటర్_సిస్టర్
@లెక్కల_సారు, పాదరసం మిషనుతో చూసేవాళ్లు దగ్గర్లో ఉన్న సున్నాకో సరిసంఖ్యకో రాయడం ఎప్పటినుంచో ఉంది, పెద్ద ఆస్పత్రుల్లో కూడా. డిజిటల్ మిషన్లు చెడిపోతే కొందరం ఇంకా ఆ పాతవే వాడతాం. అన్నిటినీ దొంగ లెక్కలు అనకండి.

లెక్కల_సారు
అన్నీ అనలేదు. కొన్ని అన్నాను.

సబ్‌సెంటర్_సిస్టర్
కొన్ని ఉన్నాయి. ఈ వారంలోగా ఊళ్లో 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ స్క్రీనింగ్ పూర్తి చేయాలి అని పైనుంచి చెబితే, కూలికి పోయినవాళ్లు చీకటి పడితే గానీ ఇంటికి రారు, మరి ఆ అంకెలు ఎక్కడినుంచి వస్తాయనుకుంటున్నారు? టార్గెట్ ఇచ్చినవాళ్లకి తెలియదా ఈ సంగతి?

పీహెచ్‌సీ_డాక్టరు
ముందు రవి గారి అమ్మగారి సంగతి. ఆవిడ బీపీకి వాడేది అమ్లోడిపిన్ అయితే పాదాల వాపు ఆ మాత్ర వల్లే రావచ్చు, చాలామందికి వస్తుంది. కిడ్నీ వల్లా, గుండె వల్లా కూడా రావచ్చు. షుగర్ ఉంది కాబట్టి మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ చూపించండి. సొంతంగా మాత్ర ఆపొద్దు.

ఇక ఎవరి పని ఏమిటి అన్నది. నియమం ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకి, గిరిజన ప్రాంతంలో 3,000కి ఒక సబ్‌సెంటర్. అక్కడ ఏఎన్ఎం ముఖ్యంగా గర్భిణులు, బాలింతలు, పిల్లల టీకాలు, కుటుంబ నియంత్రణ, ఊళ్లో జ్వరాలు చూస్తుంది. ఏఎన్ఎం అంటే రెండేళ్ల కోర్సు. ఎంఎల్‌హెచ్‌పీ అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, కొన్నిచోట్ల సీహెచ్ఓ అంటారు, ఎక్కువగా నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివి కమ్యూనిటీ హెల్త్‌లో అదనంగా శిక్షణ పొందినవాళ్లు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్‌సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టినప్పుడు ఈ పోస్టు వచ్చింది. బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్, చిన్నచిన్న జబ్బులకు మందులు, అవసరమైతే ఈ-సంజీవనిలో, అంటే ఆన్‌లైన్లో, డాక్టరుతో మాట్లాడించడం వాళ్ల పని. తెలంగాణలో పల్లె దవాఖాన అంటే దాదాపు ఇదే. ఆశా ఆ ఊరి మనిషే, ఇంటికీ క్లినిక్‌కీ మధ్య తిరిగేది ఆవిడ.

డాక్టరు ఒకసారి రాసిన బీపీ, షుగర్ మందులు ప్రతి నెలా క్లినిక్‌లోనే ఉచితంగా ఇవ్వాలి. ఆ మందుల కోసమైతే మీ అమ్మగారు టౌన్ దాకా పోనక్కర్లేదు.

గట్టుమీద_రవి
@పీహెచ్‌సీ_డాక్టరు థాంక్స్ సార్, వాడేది అమ్లోడిపిన్నే. ఇది మాకు ఆ ప్రైవేటు డాక్టరూ చెప్పలేదు, ఏఎన్ఎమ్మూ చెప్పలేదు.

చింతచెట్టు_నీడ
ప్రైవేటు డాక్టరు మీద మాత్రం థ్రెడ్ వేయలేదు మీరు. గమనించగలరు.

మందారం_కొమ్మ
నా కేసు వేరు. బాబుకి ఆరో వారం టీకాలు వేయించినప్పుడు రాత్రంతా జ్వరం, ఏడుపు. మా అత్తయ్య "ఇంక ఆ సూదులు వద్దు, పసివాడిని చంపేస్తారు" అని పట్టుబట్టింది. పదో వారం మేము వెళ్లలేదు. మర్నాడు ఏఎన్ఎం ఇంటికొచ్చింది. నాతో మాట్లాడలేదు, నేరుగా మా అత్తయ్య పక్కన కూర్చుని కోతికొమ్మచ్చుల రోజుల నుంచి మొదలుపెట్టింది. వాళ్లిద్దరి పుట్టిళ్లూ పక్కపక్క ఊళ్లేనట. మాటల్లో మాటగా మా అత్తయ్య చిన్నప్పుడు వాళ్ల వీధిలో కోరింత దగ్గుతో పోయిన పిల్లాడి ప్రస్తావన అత్తయ్యతోనే తెప్పించింది. "ఆ దగ్గుకే వదినా ఈ సూది" అంది. శనివారం మా అత్తయ్యే బాబుని ఎత్తుకుని తీసుకెళ్లింది. ఆ సంభాషణ ఏ యాప్‌లో ఎక్కుతుందో నాకు తెలీదు.

సబ్‌సెంటర్_సిస్టర్
యూ-విన్‌లో "పెంటా 2 ఇచ్చాం" అని, అంటే ఆ టీకా రెండో డోసు పడిందని ఎక్కుతుంది, అంతే.

బ్రదర్_కాని_సిస్టర్
నేను ఎంఎల్‌హెచ్‌పీని, మగ నర్సుని. ఊళ్లో అందరూ "సిస్టర్ గారు" అనే పిలుస్తారు. మొదట్లో సరిచేసేవాడిని, ఇప్పుడు మానేశా. పేరు కూడా అదే పెట్టుకున్నా చూడండి.

అసలు ఇబ్బంది పిలుపుది కాదు. గర్భాశయ ముఖద్వార పరీక్ష, రొమ్ము పరీక్ష ఆడవాళ్లు నా దగ్గర చేయించుకోరు, చేయించుకోకూడదు కూడా. ఏఎన్ఎం అక్క ఉన్న రోజున ఆవిడ చేస్తుంది. ఆవిడ మీటింగ్‌కి పోతే ఆ రోజు ఆ స్క్రీనింగ్ సున్నా. డాక్టరు గారు చెప్పిన పనుల జాబితా పుస్తకంలో బాగుంది, ఊళ్లో మాత్రం ఏఎన్ఎం పనీ నా పనీ కలిసిపోయి ఉంటాయి. కొన్నిచోట్ల కలిసి చేస్తారు, కొన్నిచోట్ల "నువ్వు బీఎస్సీ అయితే ఏంటి, నేను నీకంటే ముందొచ్చా" అని పడదు. రవి గారి ఊళ్లో స్ట్రిప్స్ ఎంఎల్‌హెచ్‌పీ బీరువాలో ఉండి ఏఎన్ఎం సంచిలో లేకపోవడం కూడా జరిగి ఉండొచ్చు. నేను చూశాను అలాంటివి.

వీధిఅరుగు
బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుంటే ఊరి ఆరోగ్యం బాగుపడుతుందన్నమాట.

పాడేరు_గాలి
మైదానంలో ఉన్నవాళ్లు ట్యాబ్ గురించి మాట్లాడుకుంటున్నారు, బాగుంది. మా ఏజెన్సీలో ట్యాబ్ పనిచేయాలంటే ముందు కొండ ఎక్కాలి.

నేను స్టాఫ్ నర్సుని, ఏఎన్ఎంలతో కలిసి తిరుగుతాను. డోలీ మోత వార్తలు మీరు టీవీలో చూసి ఉంటారు. నెలలు నిండిన మనిషిని కర్రకి కట్టిన దుప్పట్లో మోసుకొస్తే, కింద రోడ్డు దగ్గర 108 ఉంటుంది. టీవీ వాళ్లకి అది ఒక రోజు వార్త. మాకు అది ఏడో నెలలో మొదలవుతుంది. "కాన్పుకి రెండు మూడు వారాల ముందే కిందికి దిగి వచ్చి ఉండు" అని ఒప్పించాలి. సాలూరులో 2018లో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్లు గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు, కాన్పు దాకా అక్కడే ఉండి తిని, పరీక్షలు చేయించుకోవచ్చు. మంచి ఆలోచన. కానీ ఆమె దిగి వస్తే మేకల్ని ఎవరు చూస్తారు? పెద్దపిల్లకి అన్నం ఎవరు వండుతారు? పోడు కోత సమయమైతే మొగుడు కదలడు. వీటన్నిటికీ జవాబు దొరికితేనే ఆమె వస్తుంది. ఒకామె విషయంలో మేకల ఏర్పాటు చేసింది మా ఏఎన్ఎమ్మే, పక్క గూడెంలో వాళ్లతో మాట్లాడి. ఆ గర్భిణికి హిమోగ్లోబిన్ 6 చిల్లర. 7 కంటే తక్కువ అంటే ప్రమాదం, మాత్రలతో ఆగే పని కాదు, ఆస్పత్రిలో చూపించాలి, అవసరమైతే రక్తం ఎక్కించాలి. పైన కొండమీద కాన్పు అయి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

నర్సింగ్ స్కూల్లో మేకల పాఠం లేదు.

చింతచెట్టు_నీడ
ఇది చదివాక జోకు వేయబుద్ధి కావట్లేదు. కాసేపు ఆగుతా.

పాత_బడిపంతులు
రిటైరైన మాస్టార్ని. పల్స్ పోలియో డ్యూటీలు మా టీచర్లు కూడా చేశారు కాబట్టి నాకు కొంత తెలుసు. 1995లో మొదలైంది. బూత్ రోజు ఆదివారం అందరూ చూస్తారు. ఆ తర్వాత రోజుల్లో ఇంటింటికీ తిరగడం ఎవరూ చూడరు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దతో "పి" అని, ఎవరైనా మిగిలిపోయి ఉంటే "ఎక్స్" అని రాసేవాళ్లం. చుక్కలు వేసిన పిల్లల ఎడమ చిటికెన వేలికి సిరా. ఎక్స్ రాసిన ఇంటికి మళ్లీ పోవాలి, అది పి అయ్యేదాకా పోవాలి. మేము టీచర్లం పొద్దుగూకగానే ఇంటికి పోయేవాళ్లం, ఆ ఎక్స్ ఇళ్లు ఏఎన్ఎమ్మకి మిగిలేవి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ వచ్చింది.

ఇంకో సంగతి. అంతకుముందు మలేరియాకి ఒకరు, మశూచికి ఒకరు, కాన్పులకు ఒకరు అని విడివిడిగా ఉండేవాళ్లు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వాళ్లందరినీ కలిపి "బహుళార్థ" ఆరోగ్య కార్యకర్తలు అంది. ఏఎన్ఎం అప్పుడు మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ అయింది. ఒకే మనిషి నెత్తిన అన్నీ పెట్టడం ఈనాటిది కాదు బాబూ.

వీధిఅరుగు
మాస్టారూ, సిరా వేలు చూపించి నాలుగు బూత్‌లలో నాలుగు చాక్లెట్లు అడిగిన బ్యాచ్ మేమే.

లెక్కల_సారు
ఎక్స్ ఇంటి పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. అక్కడ ఎంతమందికి వేశాం అని కాదు, ఎవరు మిగిలారు అని రాస్తున్నారు. ఇప్పటి డ్యాష్‌బోర్డులు "ఇంత శాతం పూర్తి" అంటాయి, ఆ మిగిలిన శాతం ఏ ఇంట్లో ఉందో చెప్పవు.

పీహెచ్‌సీ_డాక్టరు
@లెక్కల_సారు చెబుతాయి సార్, డ్యూ లిస్ట్ (ఇంకా మిగిలినవాళ్ల జాబితా) తీస్తే పేర్లతో సహా వస్తుంది. చదివే తీరిక ఉండాలి, అంతే. మొత్తం డేటాని తీసిపారేయకండి. వర్షాకాలంలో ఒక వీధిలో వరసగా విరేచనాల కేసులు ఎంట్రీ అయితే, పైప్‌లైన్ ఎక్కడ లీకైందో మేము వెతకడం మొదలుపెట్టేది ఆ ఎంట్రీల వల్లే. ఆ ఏఎన్ఎం రాయకపోతే ఊరంతా పాకాక నా దగ్గరికి వస్తారు.

సబ్‌సెంటర్_సిస్టర్
రాయడం వద్దని నేనూ అనలేదు డాక్టరు గారూ. ఒకసారి రాస్తా, నాలుగుసార్లు రాయించకండి అంటున్నా.

డ్యూ లిస్ట్ మాటొచ్చింది కాబట్టి చెబుతా. మా దగ్గర మిగిలిపోయే పిల్లలు ఎవరో తెలుసా? టీకా వద్దనేవాళ్లు తక్కువ. పుట్టింటికీ అత్తింటికీ మధ్య జారిపోయేవాళ్లు ఎక్కువ. అమ్మాయి పేరు మా ఊళ్లో, అంటే అత్తగారి ఊళ్లో నమోదవుతుంది. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకుపోతారు. అక్కడ కొత్త ఏఎన్ఎం, కొత్త పీహెచ్‌సీ. కాన్పు టౌన్లో ఏదో ఆస్పత్రిలో. బీసీజీ, పోలియో చుక్క, హెపటైటిస్-బి మొదటి డోసు అక్కడ వేస్తారు. ఆరో వారానికి బిడ్డ అమ్మమ్మ ఇంట్లో ఉంటుంది. మూడో నెలకో ఐదో నెలకో మంచి రోజు చూసి అత్తారింటికి వస్తారు. కార్డు మాత్రం అమ్మమ్మ ఇంట్లో టీవీ స్టాండ్ కింద ఉంటుంది. ఆ ఊరి సిస్టరు "నా కేసు కాదు, అత్తగారి ఊరిది" అనుకుంటుంది, నేను "ఇంకా రాలేదు" అనుకుంటా. 10 వారాలది, 14 వారాలది రెండూ పోతాయి.

అందుకే నేను సీమంతానికి వెళ్లొస్తా, పిలవకపోయినా. గాజులు వేయించుకుని, పుట్టింటి ఊరు సిస్టర్ నంబరు అమ్మాయి ఫోన్లో నా ముందే సేవ్ చేయించి వస్తా. ఆ సిస్టర్‌కి నేనూ ఫోన్ చేసి చెబుతా. ఇప్పుడు యూ-విన్ వచ్చాక ఏ ఊళ్లో వేసినా కనిపిస్తుంది, అది నిజంగా మేలే. ఆ ఒక్క యాప్‌ని నేను తిట్టను.

మందారం_కొమ్మ
పిలవని సీమంతానికి వెళ్తారా సిస్టర్, భలే. భోజనం కూడానా?

సబ్‌సెంటర్_సిస్టర్
పులిహోర బాగుంటే.

బర్మింగ్‌హామ్_ఆకాశం
నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో నర్సుని, గుంటూరులో చదువుకుని వచ్చా. ఇక్కడ ఇదే పని ఇద్దరు వేర్వేరు నర్సులు చేస్తారు. డిస్ట్రిక్ట్ నర్సు ఇళ్లకి వెళ్లి పుండ్లకి కట్లు కడుతుంది, ఇన్సులిన్ ఇస్తుంది, మంచాన పడ్డవాళ్లని చూస్తుంది. హెల్త్ విజిటర్ అని ఇంకొకరు పసిపిల్లల తల్లుల కోసం. బిడ్డ పుట్టిన 10 నుంచి 14 రోజుల మధ్య ఇంటికి వస్తుంది, మళ్లీ 6-8 వారాలకి, ఏడాది లోపు ఒకసారి, రెండేళ్లప్పుడు ఒకసారి. కాన్పుకి ముందు కూడా ఒకసారి. బిడ్డ బరువుతో పాటు "నీ మనసెలా ఉంది, నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా" అని తల్లిని అడుగుతుంది. నాకు పాప పుట్టినప్పుడు ఆ ప్రశ్నకి నేను బావురుమన్నా. మన దగ్గర బాలింతని "పాలు పడుతున్నాయా" అని అడుగుతారు, "నువ్వెలా ఉన్నావు" అని అడగరు.

ఈ హెల్త్ విజిటర్ల మొదలు 1862లో మాంచెస్టర్, సాల్ఫోర్డ్ మురికివాడల్లో. అప్పుడు వాళ్లు డిగ్రీ నర్సులు కాదు, ఆ వాడల్లోనే మసలే ఆడవాళ్లు, జీతమిచ్చి పెట్టుకున్నారు. మన ఆశాలు గుర్తొస్తారు.

చింతచెట్టు_నీడ
వచ్చేసింది, "మా దగ్గర ఇంగ్లండ్‌లో" పోస్టు. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

బర్మింగ్‌హామ్_ఆకాశం
@చింతచెట్టు_నీడ ఇక్కడేమీ స్వర్గం కాదు. హెల్త్ విజిటర్లు సరిపోక, ఇంటికి రావాల్సిన విజిట్లు ఫోన్లో కానిచ్చేస్తున్నారని ఇక్కడివాళ్లూ గోల పెడుతున్నారు. మీకు తోడున్నాం.

ఆశమ్మ_కొడుకు
బాలింతని ఎవరూ అడగరు అన్నారు, మా అమ్మ అడుగుతుంది. ఆశా వర్కరు. ఆస్పత్రిలో కాన్పైన బిడ్డని 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి చూడాలి, అది వాళ్ల డ్యూటీ. బరువు తూచడం, బొడ్డు చూడడం, ఒళ్లు చల్లబడిందా చూడడం. ఆ పేరుతో వెళ్లి గంటసేపు కబుర్లు చెప్పి వస్తుంది. ఇంటికొచ్చి ఆలస్యంగా వంట, మేము ఆకలి.

రాత్రి ఫోన్ మోగితే మా ఇంట్లో అందరం లేస్తాం. నొప్పులొస్తే ముందు ఆశాకే చేస్తారు, తర్వాతే 108కి. ఏఎన్ఎమ్మలకి ట్యాబ్ కష్టాలు నిజమే, కానీ మా అమ్మకి ఉద్యోగమే లేదు, "గౌరవ వేతనం" ఉంది. గౌరవం ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాం.

రాత్రి_బస్సు
నేను ఒప్పుకోను, అందరూ ఏఎన్ఎంలని దేవతల్ని చేసేస్తున్నారు. మా ఊళ్లో ఏఎన్ఎం టౌన్లో ఉంటుంది, సబ్‌సెంటర్‌కి సొంత క్వార్టర్ ఉన్నా ఉండదు. రాత్రి 11కి నాన్నకి జ్వరమొస్తే వచ్చేది మా ఆర్ఎంపీయే. సూది వేస్తాడు, తగ్గుతుంది. జనం ఎవరి దగ్గరికి పోతారో చూస్తే అర్థం కాదా?

పీహెచ్‌సీ_డాక్టరు
తగ్గుతుంది నిజమే. చాలా జ్వరాలు మూడు నాలుగు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ సూదిలో ఏముందో ఎప్పుడైనా అడిగారా? స్టెరాయిడ్, యాంటిబయాటిక్ కలిపి వేసే చోట్లున్నాయి. షుగర్ ఉన్న మనిషికి స్టెరాయిడ్ పడితే షుగర్ ఎక్కడికో పోతుంది. రాత్రి 11కి తలుపు తీసే మనిషి ఉండాలన్న మాట మాత్రం మీరు సరిగ్గా అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సబ్‌సెంటర్_సిస్టర్
క్వార్టర్ మాట నన్ను చెప్పనివ్వండి. తలుపు గొళ్లెం లేని, బాత్రూమ్‌లో నీళ్లు రాని, ఊరికి బయట శ్మశానం పక్కన కట్టిన గదిలో ఆడమనిషి ఒంటరిగా ఉండాలి. మీ చెల్లెల్ని ఉంచుతారా?

రాత్రి_బస్సు
ఆ పాయింటు ఇస్తా. గదే ఊరి మధ్యలో కట్టి ఉండాల్సింది.

వీధిఅరుగు
ఊరి మధ్య స్థలం ఎవరిస్తారు? అక్కడ విగ్రహాలున్నాయి.

పేరొద్దు_ప్లీజ్
కొత్త ఐడీతో రాస్తున్నా. నాకు టీబీ వచ్చింది, తగ్గింది. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోమని గోడల మీద ఉంటుంది, నేను పొగాకు దగ్గు అనుకున్నా. పరీక్షకి పంపింది మా ఎంఎల్‌హెచ్‌పీ. ఆరు నెలల మందులు. రెండో నెలకే బాగైపోయినట్టు అనిపిస్తుంది, చాలామంది అక్కడే మానేస్తారట. నేనూ మానేద్దామనుకున్నా. వాంతులు, మూత్రం ఎర్రగా. ఎర్రగా రావడం మందు రంగేనని ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరు. మా ఇంటికి మందులు ఇవ్వడానికి ఆవిడ ఎప్పుడూ నేరుగా రాలేదు. ముందు పక్కింట్లో ముసలమ్మకి బీపీ చూసేది, తర్వాత ఎదురింట్లో, ఆ వరసలో మా ఇంటికి. వీధిలో ఎవరికీ తెలియలేదు. మా అక్క పెళ్లి సంబంధాలు నడుస్తున్నాయప్పుడు. ఇంట్లో మిగతావాళ్లకి కూడా పరీక్షలు చేయించి, రాకుండా మందులు మొదలుపెట్టించింది. నిక్షయ్ కింద పోషకాహారానికి అప్పట్లో నెలకి 500 వచ్చేవి, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు.

పాడేరు_గాలి
మీ ఎంఎల్‌హెచ్‌పీ పని తెలిసిన మనిషి. వరస ఇళ్లు చూడటం ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు.

బ్రదర్_కాని_సిస్టర్
నేను రేపటి నుంచి కాపీ కొడతా ఇది.

గట్టుమీద_రవి
అప్‌డేట్. అమ్మని విలేజ్ క్లినిక్‌కి తీసుకెళ్లా. ఎంఎల్‌హెచ్‌పీ అమ్మాయి పాదం నొక్కి చూసింది, మూత్రం పరీక్ష చేసింది, ఈ-సంజీవనిలో డాక్టరుకి కలిపింది. మాత్ర మార్చారు, క్రియాటినిన్‌కి పీహెచ్‌సీకి రాసిచ్చారు. ఇదంతా బానే ఉంది. కానీ షుగర్ స్ట్రిప్స్ అక్కడా లేవు! ఇండెంట్ పెట్టాం, అంటే కావాలని పైకి రాసి పంపాం అంటున్నారు. బీరువా నా కళ్లతో చూశా, ఖాళీ. కాబట్టి నా కోపం సగమే తగ్గింది.

పాత_బడిపంతులు
సబ్‌సెంటర్‌కి అన్‌టైడ్ ఫండ్ అని, ఫలానా దానికే అన్న కట్టడి లేని నిధి ఉండాలి నాయనా. 2005లో ఎన్ఆర్‌హెచ్ఎం (జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్) వచ్చినప్పుడు ఏడాదికి 10,000, సర్పంచ్, ఏఎన్ఎం జాయింట్ ఖాతాలో వేసేవారు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి కూడా విడిగా నిధి. ఇలాంటి అర్జెంటు ఖర్చులకే అవి. మీ ఊళ్లో కమిటీ ఉందా, ఆఖరిసారి ఎప్పుడు కూర్చుంది, డబ్బు పడిందా అని గ్రామసభలో అడుగు. ఏఎన్ఎమ్మని అడిగితే లాభం లేదు, ఆవిడ అడిగితే సర్పంచ్‌కి కోపం వస్తుంది. నువ్వడిగితే రాదు.

గట్టుమీద_రవి
సర్పంచ్ మా చిన్నాన్నే మాస్టారూ. ఇంకా ఎక్కువ వస్తుంది.

చింతచెట్టు_నీడ
విశ్రాంతి ముగిసింది, వచ్చేశా. గ్రామసభ రోజు లైవ్ పెట్టు రవీ.

సబ్‌సెంటర్_సిస్టర్
అడిగేటప్పుడు స్ట్రిప్స్‌తో ఆపకండి. హిమోగ్లోబిన్ చూసే స్ట్రిప్స్ కూడా అయిపోతుంటాయి, వాటి గురించి ఏ ఇంట్లోనూ అడగరు. రక్తం 11 కంటే తక్కువున్న గర్భిణికి రంగు చూసి చెప్పలేం కదా. ఐరన్ మాత్రలు 180 ఇస్తాం, సగంమంది టీతో వేసుకుంటారు, కాల్షియంతో కలిపి వేసుకుంటారు, అలా వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. మళ్లీ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది ఎక్కిందో లేదో.

గట్టుమీద_రవి
రాసుకున్నా సిస్టర్.

పాలపిట్ట_22
టాపిక్ కాదు గానీ ఇక్కడ తెలిసినవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నా. మా పాపకి మూడేళ్లు. హైదరాబాద్ నుంచి ఊరికి మారే గొడవలో ఏడాదిన్నరకి వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) రెండో డోసు మిస్సయింది. ఇప్పుడు వేస్తారా, లేట్ అని తిడతారా?

సబ్‌సెంటర్_సిస్టర్
వేస్తారు. ఎంఆర్ ఐదేళ్లలోపు వేయొచ్చు. అదే సమయానికి డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్ కూడా ఉంటాయి, అవీ మిస్సయ్యాయేమో కార్డులో చూడండి. డీపీటీ ఏడేళ్ల లోపు ఇస్తారు. బుధవారం గానీ శనివారం గానీ పొద్దున్నే వెళ్లండి. ఎంఆర్ వయల్‌లో పొడిని కలిపాక నాలుగు గంటలే వాడాలి, తర్వాత పారేస్తారు. మధ్యాహ్నం పోతే వయల్ అయిపోయింది అనొచ్చు. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. కార్డు మర్చిపోవద్దు.

పాలపిట్ట_22
కార్డు మా అత్తగారి బీరువాలో ఉంది. తాళం ఆవిడ కొంగున.

చింతచెట్టు_నీడ
మందారం గారూ, మీ ఏఎన్ఎం నంబరు ఈవిడకి పంపండి.